ఇసుక దీవిలో కష్టమైన బాట ఎంచుకోవడం

కొండదారి కష్టమంతా రాయిలో, వాలులో ఉంటుంది. ఈ ఏడు చూసిన మలుపు పై ఏడూ దాదాపు అలాగే ఉంటుంది. ఇసుక దీవిలో ఆ భరోసా లేదు. పొద్దున తేలిగ్గా దాటిన బాటే మధ్యాహ్నానికి చెమటలు పట్టిస్తుంది, సాయంత్రానికి నీళ్ల కింద ఉంటుంది. సముద్రం పోటు మీద ఉందా ఆటు మీద ఉందా, వాన పడి ఎన్నాళ్లయింది, ముందు ఎన్ని బండ్లు తొక్కి వెళ్లాయి, టైర్లలో గాలి ఎంత ఉంది అనేవన్నీ కలిస్తేనే ఆ బాట ఆ పూట ఎంత కష్టమో తేలుతుంది. అందుకే ఫోర్ వీల్ డ్రైవ్ సెలవులకు దీవిని ఎంచుకునేవారు పటంతో పాటు గడియారాన్నీ చదవడం నేర్చుకోవాలి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరాన ఉన్న క్‌గారి దీవి ఈ విద్యకు మంచి బడి. 2023 దాకా దీన్ని ఫ్రేజర్ దీవి అనేవారు. స్థానిక బుచుల్లా ప్రజలు తరతరాలుగా పిలుచుకునే పేరునే ఆ ఏడాది ప్రభుత్వం అధికారికంగా ఖాయం చేసింది. ప్రపంచంలోని ఇసుక దీవుల్లో ఇదే పెద్దది, పొడవు 120 కిలోమీటర్ల పైమాటే. 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తారు రోడ్డు దాదాపు లేదు. తూర్పు తీరం పొడవునా సెవెంటీఫైవ్ మైల్ బీచ్ ఉంటుంది, లోపల అడవిలో ఒక బండి పట్టేంత ఇసుక బాటలు ఉంటాయి. బ్రిస్బేన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు లాంగ్ వీకెండ్‌లో అందే దూరమే. తేలిక బాటల నుంచి నిపుణులు కూడా ఆగి ఆలోచించే చోట్ల దాకా అన్నీ ఒకే దీవిలో దొరకడం దీని ప్రత్యేకత.

దీవిని ఎంచుకోవడం

దీవిని ఖాయం చేసుకునే ముందు చూడాల్సింది చట్టం. కష్టమైన బాట అంటే ఎవరూ తొక్కని చోట బండి దూకించడం అని కొందరి అభిప్రాయం. క్‌గారిలో గుర్తించిన బాటలు దాటి ఇసుక తిన్నెల మీదికి, మొక్కల మీదికి బండి ఎక్కిస్తే నేరం. ఐస్‌లాండ్‌లోనూ అంతే. అక్కడి ఎత్తు ప్రాంతాల్లో ఎఫ్ అక్షరంతో మొదలయ్యే రోడ్లకు ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి, రోడ్డు వదిలి దిగితే భారీ జరిమానా. ఆ రోడ్లు మంచు కరిగాక, సాధారణంగా జూన్ చివరికో జూలైకో తెరుచుకుంటాయి. వంతెనల్లేని ఏళ్లను బండితోనే దాటాలి. హిమానీనదాల నుంచి వచ్చే ఏళ్లు ఎండకు మంచు కరిగేకొద్దీ ఉబ్బి, మధ్యాహ్నం దాటాక ఉద్ధృతమవుతాయి, తెల్లవారుజామున తగ్గుతాయి. ఇసుక దీవిలో చంద్రుణ్ని బట్టి ప్రయాణం పెట్టుకున్నట్టే అక్కడ సూర్యుణ్ని బట్టి పెట్టుకోవాలి.

క్‌గారి మరీ పెద్దదనిపిస్తే బ్రిస్బేన్ ఓడరేవు నుంచి గంటంబావులో చేరే మోర్టన్ దీవి ఉంది. అదీ ఇసుక దీవే, అక్కడా బీచే రోడ్డు. ఇసుకలో డ్రైవింగ్ మొదటిసారి నేర్చుకునేవారికి క్‌గారి కంటే అదే నయం, ఎందుకంటే దూరాలు తక్కువ. ఇక తెలుగువారికి దీవి అనగానే అండమాన్ గుర్తొస్తుంది కానీ, ఈ రకం సెలవులకు అది సరైన చోటు కాదు. అక్కడ జరావా ఆదివాసుల రిజర్వు గుండా వెళ్లే రోడ్డు మీద బండ్లు కాన్వాయ్‌గానే కదలాలి, మధ్యలో ఆగకూడదు. సాహస డ్రైవింగు కోసం చూసేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అద్దె కాగితమే మొదటి పటం

చాలామంది బాటలు ఎంచుకున్నాక బండి అద్దెకు తీసుకుంటారు. ఈ క్రమాన్ని తిరగేయాలి. మామూలు అద్దె కంపెనీలు ఇసుక మీదికి బండిని అసలు ఒప్పుకోవు. ఇసుక దీవులకే ప్రత్యేకంగా బండ్లు ఇచ్చే సంస్థలు కూడా దీవి ఉత్తర భాగాన్ని నిషేధించడం, రాత్రి డ్రైవింగ్ వద్దనడం, ఉప్పునీటి నష్టాన్ని బీమాలోంచి తీసేయడం మామూలే. అంటే దీవిలో ఏ బాట అందుబాటులో ఉందో ఒప్పందంలోనే సగం తేలిపోతుంది. ఐస్‌లాండ్‌లో కూడా ఏటి నీళ్ల వల్ల ఇంజనుకూ అడుగు భాగానికీ జరిగే నష్టం సాధారణంగా బీమాలో ఉండదు.

బండి రకం విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఊళ్లో తిరిగే ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీని ఫోర్ వీల్ డ్రైవ్‌గా లెక్కేసి బయల్దేరేవారు ఎక్కువ. క్‌గారికి కావలసింది లో రేంజ్ గేరు, నేలకు బాగా ఎత్తుగా ఉండే చాసిస్. ల్యాండ్‌క్రూజర్, పాట్రోల్, హైలక్స్ వంటివి అక్కడ ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. మన దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ థార్ నడిపి, లో రేంజ్ వాడిన అలవాటున్నవారికి బండి కొత్తగా ఉండదు, ఇసుకే కొత్తగా ఉంటుంది.

అనుమతులు రెండు: బండికి ప్రవేశ అనుమతి, గుడారం వేసుకుంటే క్యాంపింగ్ అనుమతి. రెండూ బయల్దేరక ముందే క్వీన్స్‌లాండ్ పార్కుల శాఖ నుంచి తీసుకోవాలి. ఈస్టర్, క్రిస్మస్ సెలవుల్లో చోటు దొరకడం కష్టం. దొరికినా, అప్పటికి వందల బండ్లు తొక్కిన బాట గాళ్లు పడి ఉంటుంది.

ఎవరిని, ఏమని అడగాలి

సమాచారం దొరకక ఎవరూ ఇబ్బంది పడరు, పాతబడ్డ సమాచారంతోనే పడతారు. ఒక వీడియోలో దీవి ఉత్తరాన ఉన్న నగాలా రాళ్ల మధ్య నుంచి బండి జోరుగా దూసుకుపోతుంది. అది చూసినవారు ఆ చోటు తేలికే అనుకుంటారు. చిత్రీకరించిన పూట ఆటు ఎంత దిగింది, అంతకు ముందు రోజు వాన పడిందా, ఆ నెలలో సముద్రం ఎంత ఇసుకను కోసుకుపోయింది లేదా తెచ్చి పోసింది అనేవి వీడియోలో కనిపించవు. తూర్పు తీరంలో ఒక్క తుపానుగాలికి ఇసుక కొట్టుకుపోయి, అడుగున రాళ్లు తేలిన సందర్భాలు మామూలే.

ఆధారపడదగినవి మూడున్నాయి. పార్కుల శాఖ ప్రకటించే బాటల స్థితి, మూసివేతల వివరాలు మొదటిది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఇచ్చే ఆటుపోట్ల పట్టిక రెండోది. తూర్పు తీరానికి వాడీ పాయింట్ లెక్కలు చూడాలి. మూడోది హేమా సంస్థ అచ్చువేసే పటం వంటి మంచి కాగితపు పటం, ఎందుకంటే దీవిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నలు ఉండదు. ఆస్ట్రేలియాలో ఫోర్ వీల్ డ్రైవ్ బాటలను తేలిక, మధ్యస్థం, కష్టం, అతి కష్టం అని నాలుగు తరగతులుగా గుర్తించే పద్ధతి ఉంది. ఇసుక దీవిలో ఆ గుర్తును ఆరంభ అంచనాగానే తీసుకోవాలి.

వీటి పైన మనుషుల మాట. రేంజర్లు, పంటు నడిపేవారు, దిగబడిన బండ్లను లాగేవారు రోజూ ఆ ఇసుకను చూస్తుంటారు. "ఆ బాట కష్టమా?" అని అడిగితే వచ్చే జవాబు పెద్దగా పనికిరాదు. ఎవరి కష్టం వారిది. "చివరిసారి ఎప్పుడు వెళ్లారు? ఆటుకు ఎంతసేపు ముందు? టైర్లలో గాలి ఎంత పెట్టారు? ఆ తర్వాత వాన పడిందా?" అని అడగాలి. ఈ నాలుగింటికీ సూటిగా జవాబివ్వలేని మనిషి సలహాను మర్యాదగా విని వదిలేయవచ్చు.

ఆటుపోట్ల లెక్క

తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పొడి ఇసుక జారిపోతుంది. గోదావరి ఇసుక రేవుల్లో ట్రాక్టర్లు నీటి అంచు పట్టుకుని రావడం చూసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. క్‌గారి బీచ్‌లో కూడా ఆటు దిగినప్పుడు బయటపడే వెడల్పాటి తడి పట్టీయే రోడ్డు. పోటుకు ముందు రెండు గంటలు, తర్వాత రెండు గంటలు బీచ్ మీద ప్రయాణం మానాలన్నది అక్కడి నియమం లాంటి సలహా. ఆ వేళల్లో సముద్రం బండిని పైనున్న మెత్తని పొడి ఇసుకలోకి నెడుతుంది. అక్కడ దిగబడితే కింద అలలు, పైన తిన్నె.

ఒక రోజు లెక్క వేసి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఆటు ఉదయం 10 గంటలకు అనుకుందాం. పోటు సాయంత్రం 4 దాటాక వస్తుంది. కాబట్టి మధ్యాహ్నం 2 గంటలకల్లా బీచ్ ఖాళీ చేయాలి. ఉదయం పోటు దాదాపు 4 గంటలకు అయిపోతుంది కనుక 6 తర్వాతే దిగాలి. మిగిలిన ఎనిమిది గంటల్లో కష్టమైన చోటును రెండుసార్లు దాటాలి, వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఈ రెండోసారి లెక్కే చాలామంది మరిచిపోతారు. ఆటుకు సరిగ్గా 10 గంటలకు రాళ్ల దగ్గర ఉండాలని ప్లాన్ వేస్తారు, తిరిగొచ్చేసరికి నీళ్లు ఎక్కేస్తాయి. ఆటు ఇంకా దిగుతుండగానే, ఒక గంట ముందే అవతలికి చేరితే వెనక్కి రావడానికి వెసులుబాటు దొరుకుతుంది.

ఆటుపోట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. వారం రోజుల సెలవులో మొదటి రోజు పొద్దున పదికి ఉన్న ఆటు ఆరో రోజుకు మధ్యాహ్నం రెండు దాటుతుంది. కష్టమైన బాటను ఏ రోజు పెట్టుకోవాలో టికెట్లు కొనక ముందే పట్టిక చూసి తేల్చుకోవచ్చు. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటు బాగా దిగుతుంది, పోటూ అంతే ఎత్తుకు ఎక్కుతుంది. గాలి ఒడ్డువైపు బలంగా వీస్తే పట్టికలో ఉన్నదానికంటే నీళ్లు పైకి వస్తాయి. పట్టిక సముద్రం గురించి చెబుతుంది, ఆ పూట గాలి గురించి చెప్పదు.

బాటలు, తేలిక నుంచి కష్టానికి

దీవికి ముఖ్యమైన ద్వారాలు రెండు. దక్షిణాన ఇన్‌స్కిప్ పాయింట్ నుంచి పంటు పది నిమిషాల్లో హుక్ పాయింట్‌కు దించుతుంది. రివర్ హెడ్స్ నుంచి దీవి పడమటి ఒడ్డున ఉన్న కింగ్‌ఫిషర్ బేకు దాదాపు యాభై నిమిషాలు. మొదటి పరీక్ష పంటు ఎక్కక ముందే మొదలవుతుంది. ఇన్‌స్కిప్ దగ్గర ఇసుక ఎంత మెత్తనంటే, టైర్లలో గాలి తగ్గించకుండా దిగినవారు దీవిని చూడకముందే దిగబడతారు.

తొలి రోజు లోపలి బాటలకు కేటాయించడం మంచిది. యూరాంగ్ నుంచి సెంట్రల్ స్టేషన్‌కు దూరం తొమ్మిది కిలోమీటర్లే అయినా అరగంట పడుతుంది. అక్కడి నుంచి బూరాంగూరా సరస్సుకు, అంటే మెకెంజీ సరస్సుకు బాట సాగుతుంది. లోపలి బాటల్లో వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లు. ఆ వేగాన్ని అందుకోవడమే అరుదు. చెట్ల వేళ్లు, లోతైన చక్రాల గాళ్లు, ఎదురొచ్చే బండికి దారివ్వడానికి వెనక్కి నడపడం, ఇవన్నీ ఇక్కడే అలవాటవుతాయి. చిత్రమేమిటంటే, పొడి రోజుల దుమ్ములో కంటే వాన వెలిసిన మర్నాడే ఈ బాటలు తేలిక. వాన ఇసుకను గట్టిపరుస్తుంది. చాన్నాళ్లు వాన లేకపోతే తేలిక బాట కూడా పిండిలా మారుతుంది.

తర్వాత హ్యాపీ వ్యాలీ నుంచి గరవాంగెరా సరస్సు బాట. ఇరుకు, మలుపులు, ఎక్కుడు. లో రేంజ్ ఎప్పుడు వేయాలో ఇది నేర్పుతుంది. ఆ పైన ఇండియన్ హెడ్ చుట్టి వాడీ పాయింట్ మీదుగా ఆర్కిడ్ బీచ్ చేరే పక్కదారులు. దూరం తక్కువే, కానీ అన్ని బండ్లూ ఆ ఇరుకులోంచే వెళ్లాలి కాబట్టి ఇసుక దున్నినట్టు ఉంటుంది. ముందు బండి పూర్తిగా దాటేదాకా కింద ఆగాలి. మధ్యలో ఆగిన బండి వెనక ఇంకో బండి ఆగితే ఇద్దరూ దిగబడతారు.

దీవిని అడ్డంగా కోస్తూ పడమటి ఒడ్డున వాతుంబా వాగు దాకా వెళ్లే బాటలో మనుషులు తక్కువ, దోమల కంటే ఘోరంగా కుట్టే ఇసుక ఈగలు ఎక్కువ. పడమటి తీరం మీద బండి నడపడం మరో కథ. అక్కడ ఎండిన నాచు కింద మెత్తని బురద దాగి ఉంటుంది, పైకి గట్టిగా కనిపిస్తుంది. కష్టం అనే మాటకు అర్థం ఉన్న బాటలు వేరు, కేవలం బండిని పోగొట్టుకునే చోట్లు వేరు. ఈ తీరం రెండో రకానికి దగ్గర.

అన్నిటికంటే కష్టమైనది ఆర్కిడ్ బీచ్‌కు ఉత్తరాన నగాలా రాళ్లు దాటి శాండీ కేప్ వైపు వెళ్లే దారి. ఒకవైపు సముద్రం, ఒకవైపు మెత్తని నిటారు తిన్నె, మధ్యలో రాళ్ల సందు. ఆటు బాగా దిగితేనే సందు తెరుచుకుంటుంది. కొన్నాళ్లు ఇసుక నిండి సాఫీగా ఉంటుంది, కొన్నాళ్లు రాళ్లు మోకాలెత్తు బయటపడతాయి. పక్కదారి ఉంది కానీ దాని ఇసుక లోతు. చాలా అనుభవమున్నవారికే ఇది తగినదని పార్కుల శాఖ చెబుతుంది. ఇక్కడ పాటించాల్సిన పద్ధతి ఒకటే: బండి ఆపి, దిగి, కాలినడకన ఆ కొస దాకా నడిచి చూడాలి. మడమ ఎంత లోతు దిగిందో, రాళ్ల మధ్య ఎత్తు చాసిస్‌కు తగులుతుందో లేదో కళ్లారా చూశాకే నిర్ణయం. ఒంటరి బండితో వెళ్లకూడదు. దాటితే చివర 1870 నాటి దీపస్తంభం ఉంది, అక్కడి దాకా బీచ్ మీద మనిషి అలికిడి చాలా తక్కువ.

వేగం, వాగులు

ఈ దీవిలో ప్రాణాలు తీసినవి ఎక్కువగా కష్టమైన బాటలు కావు, తేలికైన బీచే. సెవెంటీఫైవ్ మైల్ బీచ్ చట్టప్రకారం రోడ్డు. సీటు బెల్టు, మద్యం పరిమితి, లైసెన్సు, అన్నీ వర్తిస్తాయి. వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. చిన్న విమానాలు కూడా దానిమీదే దిగుతాయి, వాటికి దారివ్వాలి. ఎలై క్రీక్ వంటి వాగులు, పేరు లేని చిన్న నీటి పాయలు బీచ్‌ను కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. వాటి గట్లు కత్తితో కోసినట్టు నిలువుగా ఉంటాయి. ఎదురెండలో, తడి మెరుపులో ఆ కోత కనిపించదు. 80 మీద వస్తున్న బండి ముందు చక్రాలు అందులో పడితే బోల్తా పడుతుంది, గాభరాగా స్టీరింగు తిప్పినా అదే జరుగుతుంది. అలవాటయ్యేదాకా 60 దాటకపోవడం తెలివైన పని.

గాలి, గేరు, పార

రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే టైరును ఇసుకలో 18–20కి దించాలి. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా పరుచుకుని బరువును ఎక్కువ మేర పంచుతుంది. మెత్తని చోట 15–16 దాకా వెళ్లవచ్చు. ఇంకా తగ్గిస్తే పదునైన మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదముంది. తిరిగి నింపడానికి కంప్రెసర్ వెంట ఉండాలి.

ఇసుకలో బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాల ముందు ఇసుక కుప్ప పోగవుతుంది. వేగం దానంతటదే తగ్గనివ్వాలి, వీలైతే పల్లం వైపు ముఖం పెట్టి ఆపాలి. బండి ముందుకు కదలడం మానితే ఆక్సిలరేటర్ వెంటనే వదిలేయాలి. రెండు క్షణాలు మొండికేసి తొక్కితే చక్రాలు తిరిగి తిరిగి బండి చాసిస్ మీద కూర్చుంటుంది. అప్పుడు చేయాల్సిన పనుల వరుస ఇది: వచ్చిన గాళ్లలోంచే వెనక్కి రావడానికి ప్రయత్నించాలి, కుదరకపోతే పారతో చక్రాల ముందూ అడుగు భాగంలోనూ ఇసుక తీయాలి, గాలి ఇంకొంచెం దించాలి, ప్లాస్టిక్ పట్టీలు చక్రాల కింద దూర్చాలి. వేరే బండితో లాగించడం ఆఖరున. లాగే తాడును చాసిస్‌కు బిగించిన రేటెడ్ కొక్కేలకే తగిలించాలి. ట్రెయిలర్ కోసం ఉండే టో బాల్‌కు తాడు కట్టకూడదు. అది విరిగి ఎగిరి ఆస్ట్రేలియాలో మనుషులు చనిపోయారు.

రెండో బండితో మాట్లాడుకోవడానికి యూహెచ్‌ఎఫ్ రేడియో, సిగ్నలు లేని చోట ఆపదను తెలిపే పర్సనల్ లొకేటర్ బీకన్ తప్పనిసరి. అక్కడి అత్యవసర నంబరు 000. తిండి పదార్థాలు గుడారంలో ఉంచకుండా బండిలో తాళం వేసి పెట్టాలి. దీవిలోని వోంగారి అనే అడవి కుక్కలకు మనుషుల తిండి అలవాటైతే అవి మనుషుల మీదికి వస్తాయి.

ఏ బాట దగ్గర వెనుదిరగాలో పొద్దున్నే, బయల్దేరే ముందే రాసి పెట్టుకోవడం మంచి అలవాటు. "పదకొండు గంటలకల్లా రాళ్లు దాటకపోతే వెనక్కి" అని కాగితం మీద ఉంటే, అక్కడికి చేరాక ఉత్సాహంతో ఎవరూ వాదనకు దిగరు. బండిలో అందరూ చదవగలిగేలా డ్యాష్‌బోర్డు మీద అంటించుకోవాలి.

దీవి దాటి వచ్చిన రోజే టైర్లలో గాలి నింపి, బండి అడుగు భాగమంతా మంచినీటితో కడిగించాలి. సముద్రపు నీళ్లలో నడపకపోయినా బీచ్ మీద ఎగిరిన ఉప్పు తుంపరలు చాసిస్ సందుల్లో, బ్రేకుల్లో, రేడియేటరు ముందు పేరుకుంటాయి. వాటిని వారం వదిలేస్తే తుప్పు మొదలవుతుంది.